ఏ బొమ్మా లేని కార్డు

నాలుగో మంచం దుప్పటిని పరుపు కిందికి దోపి, మూల దగ్గర అరచేతి పొడవున్న తెల్లటి బద్దతో గట్టిగా గీసింది సువార్త. మడత చక్కగా కూర్చుంది. ఆ బద్దను గ్రీటింగు కార్డుల అట్టలు మడవడానికి తయారుచేశారు. ఆసుపత్రి దుప్పట్లకు వాడమని తయారుచేసినవాళ్ళు చెప్పలేదు, వాడొద్దనీ చెప్పలేదు. అయినా వరండాలో ఎవరివో అడుగులు వినబడగానే సువార్త దాన్ని గబుక్కున ఏప్రన్ జేబులో పడేసుకుంది. వచ్చింది టీ కుర్రాడు. వాడు చూస్తే మాత్రం ఏమవుతుందని తనను తానే తిట్టుకుని ఐదో మంచం దగ్గరికి నడిచింది.

నోయిడాలో ఒక మామూలు నర్సింగ్ హోమ్ అది. మూడో అంతస్తులో ఎనిమిది మంచాల వార్డు. ఆ వార్డులో ఇరవై ఒక్క ఏళ్ళుగా సువార్త అటెండెంటు. నర్సు కాదు. రేపల్లె నుంచి అన్న వెంట ఢిల్లీ బయల్దేరినప్పుడు నర్సు అవుదామనే బయల్దేరింది. ఆ చదువు మొదటి ఏడాదిలోనే ఆగిపోయింది. ఇప్పటికీ ఏ పేషెంటైనా "సిస్టర్" అని పిలిస్తే అసలు సిస్టర్లు విన్నారేమోనని చుట్టూ చూస్తుంది. "దీదీ" అంటే హాయిగా పలుకుతుంది. పొట్టి మనిషి, పగిలిన మడమలు, అరడజను పిన్నులతో బిగించిన ముడి. ఆమె గురించి ఎవరినైనా అడిగితే "పాపం, ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది" అంటారు. ఆపైన చెప్పడానికి ఎవరికీ ఏమీ తట్టదు.

ఆ బద్ద ఉన్న పెట్టె చర్చిది. బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక ఆఫీసరుగారి భార్య స్త్రీల సమాజానికి ఇచ్చింది. నిండా రంగురంగుల అట్టలు, పువ్వుల టేపులు, శాటిన్ రిబ్బన్లు, చిల్లులు వేసే పంచ్, అలల అంచు కత్తెర, ఇంకు అద్దే బుల్లి స్పాంజులు, జిగురు చుక్కలు. క్రిస్మస్‌కూ ఈస్టరుకూ కార్డులు చేసి జబ్బుపడినవాళ్ళకు పంచుదామని ఆడవాళ్ళంతా ముచ్చటపడ్డారు. ఎవరింట్లో ఉంచాలన్న మాట వచ్చినప్పుడు పాస్టరుగారి భార్య సరోజినమ్మగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "సువార్త ఇంట్లో పెట్టండి, పూచికపుల్ల కూడా పోదు" అన్నారు. అందరిముందూ అన్న ఆ మాట సువార్తకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఇప్పుడది గుచ్చుకుంటుంది.

మొదట తీసింది ఒక్క జానెడు టేపు. రెండో మంచం ముసలమ్మ కళ్ళజోడు కాడ విరిగితే చుట్టడానికి. తరువాత రిబ్బను, మంచం పక్కన బెల్లు చేతికి అందేలా కట్టడానికి. చేతులు వణికేవాళ్ళ గ్లాసు ట్రే మీద జారిపోకుండా అడుగున నాలుగు జిగురు చుక్కలు. నోరు ఎండిపోయి మింగలేనివాళ్ళ పెదాలు తడపడానికి ఆ బుల్లి స్పాంజులను మించినవి లేనే లేవు. ఒక్కొక్కటి తీసినప్పుడల్లా మళ్ళీ కొని పెట్టేద్దామనుకుంది. నలుగురినీ అడిగి తీసుకుంటే సరిపోయేదే. కానీ పుచ్చుకునే అలవాటు లేని మనిషి, అడగడానికి నోరు రాలేదు. అడగకుండా తీసినదాన్ని ఏమంటారో ఆదివారం బడిలో పిల్లలకు చెప్పేది కూడా ఆమే.

ఆరు వారాల కిందట ఐదో మంచానికి కనకయ్యగారు వచ్చారు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో నలభై ఏళ్ళు ఫైళ్ళమీద నోట్లు రాసి రిటైరైన మనిషి. పక్షవాతం ఆయన మాటనూ కుడిచేతినీ ఒక్కసారే పట్టుకుపోయింది. మాట పోయిన మనిషికి చెవుడు కూడా వచ్చిందనుకుంటారేమో జనం, అందరూ ఆయన ముఖం మీద వంగి కేకలు పెట్టేవారు. పానీ? దర్ద్? బాత్రూమ్? నీళ్ళా, నొప్పా అని. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అది చూడలేక సువార్త ఒకరోజు ఇంటి దగ్గర పెట్టె తెరిచి, సరోజినమ్మగారు క్రిస్మస్ కోసం దాచమన్న బంగారు చుక్కల గులాబీ అట్ట తీసి పదమూడు కార్డులు కత్తిరించింది. గుచ్చుకోకుండా మూలలు గుండ్రంగా చేసింది. చిల్లులు వేసి ఒక రింగుకు గుచ్చింది. నీళ్ళకు గ్లాసు, నొప్పికి ఏడుపు ముఖం, కూతురు సునందకు నక్షత్రం, సరేకు ఒక గుర్తు, వద్దుకు ఇంకో గుర్తు. బొమ్మలు వేయడం ఆమెకు రాదు. గ్లాసు బకెట్టులా వచ్చింది. అది చూసి కనకయ్యగారు సగం నోటితో నవ్వారు. ఆయన నవ్వగలరని వార్డుకు ఆరోజే తెలిసింది.

పన్నెండు అయ్యేసరికి వేయడానికి ఇంకేమీ తోచలేదు. పదమూడోది ఖాళీగానే ఉండిపోయింది. విచిత్రంగా కనకయ్యగారు ఆ సాయంత్రం దాన్నే పట్టుకున్నారు. నీళ్ళా, దుప్పటా, పక్కకు తిప్పనా అని అడిగి అడిగి అలిసిపోయి, సువార్త స్టూలు లాక్కుని కూలబడింది. వెంటనే ఆయన ఆ కార్డు మీద బొటనవేలు ఆనించి కళ్ళు మూసుకున్నారు. అదన్నమాట సంగతి. కాసేపు కూర్చో. అప్పటినుంచి డ్యూటీ దిగేముందు రెండింటికి ఆమె అక్కడ ఐదు నిమిషాలు కూర్చోవడం ఒక అలవాటుగా మారింది. మాటలేమీ ఉండవు. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆమెను కూర్చోమన్న పేషెంటు ఆయనొక్కరే.

ఇవాళ శనివారం. రేపు మట్టలాదివారం, ఆపై వారం ఈస్టరు. ఈస్టరు కార్డులకు పెట్టె తెమ్మని సరోజినమ్మగారు కిందటి వారం ఫోన్ చేసినప్పుడు "చెమ్మ పట్టిందండీ అమ్మగారూ, పాడైపోయింది" అనేసింది సువార్త. ఇరవై ఏళ్ళ విశ్వాసం మీద అంత తేలిగ్గా అబద్ధం వస్తుందని ఆమెకే తెలియదు. ఆ రోజునుంచి తిన్న అన్నం ఒంటికి పట్టడం లేదు.

ఒంటిగంటన్నరకు లిఫ్టు తలుపు తెరుచుకుంది. తెల్లచీరలు. ముందు సరోజినమ్మగారు, వెనకాల సమాజం ఆడవాళ్ళు నలుగురు. ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాల్లో ఆసుపత్రులకు వెళ్ళి ప్రార్థన చేయడం వాళ్ళకు అలవాటే, ఈ ఆసుపత్రికి వస్తారని మాత్రం సువార్త అనుకోలేదు. ఆమె చూపు నేరుగా ఐదో మంచం మీదికి పోయింది. కనకయ్యగారి గుండెల మీద బంగారు చుక్కల గులాబీ అట్ట, కిటికీ వెలుతురులో తళతళలాడుతోంది.

నాలుగు అంగల్లో అక్కడికి చేరి రింగును లాగి ఏప్రన్ జేబులో వేసుకుంది. ఆయన ఎడమచేయి ఖాళీ అయిన చోట అలాగే ఉండిపోయింది. కళ్ళెత్తి ఆమెను చూశారు.

"ఇప్పుడే ఇస్తా బాబాయిగారూ" అంది ఆయన ముఖం చూడకుండా.

సరోజినమ్మగారు ఒక్కో మంచం దగ్గరా పలకరిస్తూ అక్కడికి వచ్చారు. "మన తెలుగువారేనా? మీకోసం చిన్న ప్రార్థన చేసుకుంటాం బాబాయిగారూ, అభ్యంతరం లేదుగా?" అని మర్యాదగానే అడిగారు. కనకయ్యగారి చేయి దుప్పటి మీద వెతుక్కుంది. సరేకు కార్డుంది, వద్దుకూ కార్డుంది. రెండూ సువార్త జేబులో ఉన్నాయి.

"ఏమంటున్నారు సువార్తా?"

"సరేనంటున్నారండీ" అంది సువార్త.

ఆయనకు నోరిచ్చింది తానేనని లోలోపల మురిసిపోయిన మనిషి, ఆ నోట్లోంచి తన మాట పలికించింది. ఆయన ఏమనేవారో ఆమెకు తెలియదు. సరేననే అనేవారేమో. ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని ప్రార్థించారు. సువార్త కళ్ళు మూయలేకపోయింది. ఆయన బొటనవేలు దుప్పటి మీద ఒకేచోట నొక్కుతూ ఉంది, మళ్ళీ నొక్కుతూ ఉంది. అది ఏ కార్డో ఆమెకు అర్థమైంది.

రెండయింది. సాయంత్రం డ్యూటీ నర్సు అబిగెయిల్ వచ్చింది. సరోజినమ్మగారు వెళ్ళలేదు, తలుపు దగ్గర నిలబడ్డారు. "మా కారు మీ న్యూ అశోక్ నగర్ మీదుగానే పోద్ది, ఎండలో ఎందుకు, రా." సువార్త ఏప్రన్ విప్పి మడిచి సంచిలో పెట్టుకుంది. ఐదో మంచం వైపు చూసి, అందరూ వింటున్నారని గొంతు మామూలుగా పెట్టి "ఎల్లుండొస్తా బాబాయిగారూ" అంది. స్టూలు మంచం పక్కనే ఉంది. ఆమె కూర్చోలేదు.

లిఫ్టులో సంచి గోడకు తగిలి రింగు గలగలమంది. అప్పుడు గుర్తొచ్చింది. మర్చిపోయానమ్మా, ఒక్క నిమిషం అంటే చాలు. ఏం మర్చిపోయావని అడుగుతారు. ఏదో ఒకటి చెప్పొచ్చు. చెప్పడానికి ఇంకో అబద్ధం దొరక్క ఆమె కిందికి దిగిపోయింది.

కారులో సరోజినమ్మగారు ఆమె మోకాలి మీద చెయ్యి వేశారు. "ఆ పెట్టె పాడైందని నువ్వు బెంగపెట్టుకున్నావంటగా? ఎందుకే పిచ్చిదానా. అట్టముక్కలేగా. ఎవరికన్నా అక్కరకొచ్చుంటే అదే పదివేలు."

నిజం చెప్పమని ఇంతకంటే తలుపు తెరిచి ఎవరు పిలుస్తారు! సువార్త నోరు తెరిచింది. చెమ్మ పట్టలేదండీ, నేనే వాడాను, ఇదిగో నా సంచిలో ఉంది, కారాపండి. అన్నీ వరసగా నాలుక చివరకు వచ్చాయి. కానీ మంచిదానివని నమ్మిన చెయ్యి ఇంకా మోకాలి మీదే ఉంది. "అవునండీ" అంది.

న్యూ అశోక్ నగర్ మెట్రో దగ్గర దిగేసరికి మూడు కావస్తోంది. కారు మలుపు తిరిగేదాకా నవ్వుతూ చెయ్యి ఊపింది. తిరగ్గానే స్టేషన్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. నోయిడా వైపు రైలులో కూర్చోలేదు, సీటు ఖాళీ ఉన్నా తలుపు దగ్గరే నిలబడింది.

వార్డులో ఐదో మంచం చుట్టూ పచ్చ తెర లాగి ఉంది. తెర లాగడం ఆమె పనే, ఎప్పుడు లాగుతారో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"దీదీ, ఆప్?" అంది అబిగెయిల్ ఆశ్చర్యంగా. ఆ పిల్ల ఢిల్లీలోనే పుట్టింది, తెలుగు అర్థమవుతుంది, హిందీ పలుకుతుంది. "సాఢే తీన్ బజే... అభీ అభీ. హార్ట్ రుక్ గయా. డాక్టర్ సాబ్ నే బహుత్ కోశిశ్ కీ." మూడున్నరకు గుండె ఆగిపోయిందట, డాక్టరుగారు ఎంత ప్రయత్నించినా లాభం లేకపోయిందట.

"ఏమన్నా అడిగారా?"

"ఛాతీ పే హాథ్ ఫేర్ రహే థే, జైసే కుఛ్ ఢూంఢ్ రహే హోం." ఏదో వెతుక్కుంటున్నట్టు గుండెల మీద చేత్తో తడుముకుంటూ చూపించింది. పానీ? దర్ద్? సునంద దీదీ కో బులావూఁ? నీళ్ళా, నొప్పా, సునందను పిలవనా, అన్నీ అడిగిందట. అన్నిటికీ తల అడ్డంగా ఊపారట. తరువాత కళ్ళు మూసుకున్నారట.

"నువ్వు పక్కన కూచున్నావా అమ్మా?"

"బైఠ్‌నే కా టైమ్ కహాఁ దీదీ, ఆఠ్ బెడ్ హైఁ." ఎనిమిది మంచాలు చూసుకునే మనిషికి కూర్చునే తీరికెక్కడిది, ఆ పిల్ల తప్పేమీ లేదు.

డ్యూటీ దిగిపోయినా సువార్త ఏప్రన్ కట్టుకుంది. గోరువెచ్చని నీళ్ళతో ఆయన ఒళ్ళు తుడిచింది. ఆ బుల్లి స్పాంజుతో పెదాలు శుభ్రం చేసింది. కాళ్ళ బొటనవేళ్ళు రెండూ కలిపి చర్చి రిబ్బనుతో కట్టింది. గడపదాకా అడుగుల చప్పుడు వచ్చింది, ఆమె ఏదీ దాచలేదు. ఇప్పుడు దాచకపోవడం వల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదని ఆమెకు తెలుసు.

గురుగ్రామ్ ఆఫీసు నుంచి సునంద వచ్చేసరికి ఐదు దాటింది. తండ్రి నుదుటి మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. సువార్త సంచిలోంచి రింగు తీసి ఆమె చేతిలో పెట్టింది. సునంద ఒక్కొక్క కార్డే తిప్పింది. బకెట్టులాంటి గ్లాసు దగ్గర ఏడుస్తూనే కొంచెం నవ్వింది. ఆఖరిది చూసి ఆగింది.

"దీనిమీద ఏం లేదేంటి ఆంటీ?"

"అది... కాసేపు కూచోమని అమ్మా. రోజూ రెండింటికి అది చూపించేవారు, నేను కూచునేదాన్ని."

"ఇవాళ కూడానా?"

సువార్త నేల చూస్తూ తల అడ్డంగా ఊపింది. సునంద ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని సువార్తకు అనిపించింది.

స్ట్రెచరు వచ్చింది. సునంద చేతిలోని రింగు పక్కన పెట్టి, తండ్రి కళ్ళజోడూ శాలువా తీసుకుని దాని వెంట వెళ్ళింది. మంచం పక్క అలమర మీద రింగు ఉండిపోయింది. పన్నెండు కార్డులూ నిన్న కత్తిరించినట్టే ఉన్నాయి, పదమూడో దానికి మాత్రం బంగారు చుక్కలు అరిగిపోయి, మూలన బొటనవేలంత మేర నల్లబడి ఉంది.