ఆఖరి గడి

"మొగుడి దగ్గరికి మూతికి గుడ్డ కట్టుకుని వెళ్తారా ఎవరైనా? వాడేమన్నా పరాయివాడా?"

అత్తగారు ఈ మాట అన్నప్పుడు కోడలి రెండు చేతుల్లోనూ మరిగిన నీళ్ళ గిన్నె ఉంది. మొగుడికి ఆవిరి పట్టాలి. గిన్నెలోంచి లేచిన ఆవిరికి కళ్ళద్దాలు మసకబారాయి. సోఫా ఎటుందో, స్టూలు ఎటుందో అలవాటు మీద వెతుక్కుంటూ నడుస్తోంది. ఆఫీసు నుంచి వచ్చి పది నిమిషాలు కాలేదు. చెప్పులైనా విప్పిందో లేదో ఆమెకే గుర్తు లేదు.

మొగుడు సోఫాలో వెల్లకిలా పడుకుని టీవీ చూస్తున్నాడు. మూడు రోజులుగా జ్వరం, దగ్గు. చేయి అడ్డం పెట్టుకోకుండా, పైకప్పుకేసి తుపాకీ పేల్చినట్టు దగ్గుతాడు. కిటికీలన్నీ మూసి, తెరలు లాగి, సందుల్లో పాత తువ్వాళ్ళు కుక్కి ఉన్నాయి. చల్లగాలి తగిలితే జ్వరం ముదురుతుందని అత్తగారి గట్టి నమ్మకం. డాక్టరమ్మ మాత్రం చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఇది ఫ్లూ, దగ్గితే గాలిలో కలుస్తుంది, కిటికీలు తెరిచిపెట్టండి, అయిదారు రోజులు మాస్కు తియ్యకండి, ఇంట్లో చిన్నపిల్ల ఉంది కదా అని. అందులో మందు బిళ్ళల సంగతి ఒక్కటే ఇంటి దాకా వచ్చింది. మిగతాది మెట్లు దిగేలోపే జారిపోయింది.

"బయట నలుగురిలో అంటే సరే. నా ఇంట్లో నేను మాస్కు పెట్టుకోవడం ఏమిటి? నీ ఉద్యోగం ఇంట్లోకి తేకు" అన్నాడు మొదటి రోజే.

ఆమె ఉద్యోగమే గాలి. ఆరోగ్యశాఖలో తనిఖీ పని. అరచేతిలో పట్టే మీటరు ఒకటి పట్టుకుని బడులన్నీ తిరుగుతుంది. ఒకరు వదిలిన ఊపిరి ఆ గదిలో ఎంత పోగుపడిందో, పక్కవాళ్ళు దాన్నే ఎంత పీలుస్తున్నారో అందులో అంకెలుగా పడుతుంది. ఆరుబయట నాలుగు వందల చిల్లర ఉంటుంది. గదిలో వెయ్యి దాటితే కిటికీలు తెరవాలి, రెండు వేలు దాటితే ఎవరిని తిట్టినా పాపం లేదు. ఆఫీసులో ఆమెని గాలి మేడమ్ అంటారు. ఎదురుగా గౌరవంగా, వెనకాల నవ్వుతూ.

ప్రతి బడికీ ఒక ఫారం నింపాలి. గదులెన్ని, పిల్లలెందరు, కిటికీలెన్ని, తెరుచుకునేవి ఎన్ని. అన్నిటికన్నా కింద ఆఖరి గడి ఒకటుంది. 'ఈ పరిస్థితి యాజమాన్యానికి ముందే తెలుసా? తెలుసు / తెలియదు.' తెలుసు అని టిక్కు పడితే ఆ బడికి నోటీసు వెళ్తుంది, నెల తిరిగేలోపు సరిచేయాల్సిందే. తెలియదు అంటే సలహా కాగితం వెళ్తుంది. దాన్ని నాలుగు మడతలు వేసి ఊగే బల్ల కాలి కింద పెట్టుకుంటారు. ఈ ఆరేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా 'తెలుసు' అని పెట్టలేదు. ఆఫీసులో పై అధికారి, పెద్దసారు, పెట్టొద్దన్నందుకు కాదు, ఆమె నిజంగానే అలా నమ్మింది. మురుగైతే కంపు కొడుతుంది, దుమ్మైతే కళ్ళలో పడుతుంది, గాలి కంటికి కనిపించేదా? పాపం, వాళ్ళకేం తెలుస్తుంది అనుకునేది. తెలియని వాళ్ళకి ఓపికగా చెప్పడమే తన పని అనుకునేది. బడిలోనూ, ఇంట్లోనూ.

ఈ రోజు వెళ్ళిన బడిలో నాలుగో తరగతి గదిలో మీటరు రెండువేల ఎనిమిది వందలు చూపించింది. నలభై ఇద్దరు పిల్లలు, సగం మంది చీదుతూ, మిగతా సగం ఆవలిస్తూ ఉన్నారు. కిటికీలకి మరలు బిగించేశారు, పిల్లల చూపు రోడ్డు మీదికి పోకూడదట. హెడ్‌మాస్టరు గదిలో మాత్రం రెండు కిటికీలూ బార్లా తెరిచి ఉన్నాయి, ఆయన కుర్చీ సరిగ్గా వాటి మధ్యనే. మీటరు అయిదు వందలు దాటలేదు. "ఇవన్నీ మాకేం తెలుసమ్మా, పిల్లలకి పాఠాలు చెప్పుకునే వాళ్ళం" అని చేతులు జోడించాడు. ఆమె బయటికొస్తుంటే వరండాలో నాలుగో తరగతి టీచరమ్మ ఎదురై, బొంగురు గొంతుతో చెప్పింది. "మూడుసార్లు రాసిచ్చాం మేడమ్, కిటికీలు తీయించమని. 'మీ ఆడవాళ్ళకి ప్రతిదానికీ ఊపిరాడదు' అన్నారు హెడ్‌మాస్టరు గారు."

దారిలో పెద్దసారు ఫోను. "ఆ ఆఖరి గడిలో తెలియదు అని పెట్టెయ్యమ్మా. ఆయన మనకి కావలసినవాడు. నువ్వు మంచిదానివి, నీకు చెప్పక్కర్లేదనుకో." మంచిదానివి అన్నమాట వినగానే మారు మాట్లాడకుండా తలూపేయడం చిన్నప్పటి అలవాటు. ఫోనులో కూడా తలూపింది. కానీ పెన్ను తీయబుద్ధి కాలేదు. టిక్కు పెట్టకుండానే ఫారం సంచీలో పడేసుకుని ఇంటికొచ్చింది.

ఇప్పుడు గిన్నె స్టూలు మీద పెట్టి, దుప్పటి అందించి, కళ్ళద్దాలు తుడుచుకుని చూస్తే, సోఫా చివర మొగుడి కాళ్ళ దగ్గర పాప కూర్చుని ఉంది.

పాపకి ఎనిమిదేళ్ళు. ఊపిరితిత్తుల బలం తక్కువ. రెండేళ్ళ కిందట ఇలాగే వాళ్ళ నాన్న తెచ్చిన దగ్గు పాపకి అంటుకుంటే, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఆ నాలుగు రోజులూ డొక్కలు ఎగిసిపడుతుంటే చూస్తూ కూర్చున్నది ఆమె ఒక్కతే. అందుకే ఈ మూడు రోజులూ పాపని లోపల గదిలో ఉంచి, నాన్న దగ్గరికి వెళ్ళొద్దని వెయ్యిసార్లు చెప్పింది.

"నేనే కూర్చోబెట్టాను" అంది అత్తగారు. "పిల్ల కనబడటం లేదని వాడు బెంగ పెట్టుకున్నాడు. దానికి కూడా మూతికి గుడ్డ కట్టావు, నేనే పీకి పారేశాను. కన్నతండ్రికి మొహం చూపించడానికి కూడా నీ పర్మిషన్ కావాలా?"

పాప బుగ్గలు రెండూ బూరెల్లా పొంగి ఉన్నాయి, మొహం కందిపోయింది, వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కపెడుతోంది. ఆమె ఒక్క అంగలో వెళ్ళి పాపని ఎత్తుకుని వంటింట్లోకి పరిగెత్తింది. పాప బుస్సుమని ఊపిరి వదిలి, ఆయాసపడుతూ నవ్వింది.

"ముప్పై ఆరు దాకా వచ్చానమ్మా! నాన్న దగ్గినప్పుడల్లా ఊపిరి బిగబట్టేస్తున్నా. మొహం తిప్పుకుంటే నాన్నకి కోపం వస్తుంది కదా, ఇలా అయితే నాన్నకి తెలీదు."

ఆమె గ్యాసు గట్టుని పట్టుకుని నిలబడింది. ఎనిమిదేళ్ళకే నేర్చేసుకుంది పిల్ల. ఎవరు నేర్పారు? తను నేర్పలేదా? అత్తగారి మాటకి బిగబట్టి, పెద్దసారు ఫోనుకి బిగబట్టి, మొగుడి విసుగుకి బిగబట్టి, ఈ ఇంట్లో పదేళ్ళుగా తను చేస్తున్నది చూసే కదా నేర్చుకుంది? మగవాడి మనసు నొచ్చకుండా ఉండాలంటే ఆడపిల్ల ఊపిరి పీల్చడం మానెయ్యాలన్నమాట. ఒళ్ళు మండిపోయింది ఆమెకి. ముందు తన మీద, తర్వాత అందరి మీద.

ఏదో ఒకటి తేల్చుకోవాలి. పాపకి కొత్త మాస్కు కట్టి, పడగ్గదిలో కిటికీ పక్కన కూర్చోబెట్టి, హాల్లోకి వచ్చింది.

"ఏమండీ, పాపకి ఇది అంటుకుంటే మళ్ళీ ఆసుపత్రే. మీరు మాస్కైనా పెట్టుకోండి, లేదంటే జ్వరం తగ్గేదాకా వెనక గదిలో అయినా ఉండండి. మంచం అక్కడే ఉంది, దుప్పటి మార్చి ఇస్తాను."

దుప్పటి ముసుగులోంచి మొగుడు తల బయటపెట్టాడు. మొహం నిండా చెమట, కళ్ళ నిండా ఆశ్చర్యం.

"వెనక గదా? స్టోరు రూమా? మతుండే మాట్లాడుతున్నావా? అందులో ఊపిరాడదు!"

"అందులో కిటికీ కూడా లేదు కదే" అంది అత్తగారు అదే క్షణాన, కొడుక్కి వంత పాడుతూ. "ఆ గదిలో మనిషి ఎలా ఉంటాడు? నీకు తెలీదా?"

ఆమెకి తెలుసు. కిందటేడాది పదకొండు రోజులు ఉంది. ఆమెకి జ్వరం తగిలిన మర్నాడే మంచం అందులో వేశారు. మొగుడికి ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది, అతనికి అంటుకుంటే ఎలా? అటు బియ్యం డబ్బాలు, ఇటు విరిగిన కుర్చీ, తల వైపు పాత పేపర్ల కట్టలు. తలుపు మూసి, అడుగున చాప చుట్టి పెట్టారు. పళ్ళెం గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టి, పారిపోయేవారు. అదీ ఇంట్లో ఏదైనా ఉన్నప్పుడు. ఎందుకంటే వండేది కూడా ఆమే. తెల్లవారుజామున అందరూ తలుపులు వేసుకుని పడుకున్నప్పుడు రెండు మాస్కులు కట్టుకుని బయటికొచ్చి, మూడు పూటలకీ వండి పెట్టి, మళ్ళీ వెళ్ళి పడుకునేది. "పొయ్యి వేడికి పురుగులన్నీ చచ్చిపోతాయిలే" అంది అత్తగారు. మూడో రోజు గాలి ఆడటం లేదని తలుపు ఒక జానెడు తెరిస్తే, "ఓ వారం ఓర్చుకోలేవా, మాకు లేదూ బాధ?" అన్నాడు మొగుడు. నిజమే కాబోలనుకుంది. వీళ్ళకి గాలి సంగతి తెలియదు, భయపడ్డారు, తెలియక చేశారు అనుకుంది. లేచి తిరిగాక ఒక్క మాట కూడా ఎత్తలేదు. తెలియని వాళ్ళ మీద కోపమెందుకని ఏడాది పాటు క్షమిస్తూనే వచ్చింది.

ఇప్పుడు వాళ్ళిద్దరూ ఒక్క నోటితో చెప్పారు. ఊపిరాడదని తెలుసు. కిటికీ లేదని తెలుసు. మనిషి ఉండలేడనీ తెలుసు. అయితే తను మనిషి లెక్కలోకి రాలేదన్నమాట.

"మీకు తెలుసన్నమాట" అంది ఆమె.

గొంతు పెంచలేదు. అందుకేనేమో ఇద్దరికీ అర్థమైంది. అత్తగారు చీర కొంగు సర్దుకుంది. మొగుడు దగ్గు రాకపోయినా దగ్గాడు.

"అది కాదు... అప్పుడు పరిస్థితి వేరు" అన్నాడు.

ఆమె కిటికీ సందుల్లోంచి తువ్వాళ్ళు ఒక్కొక్కటే లాగి నేల మీద పడేసింది. తెరలు పక్కకి తోసి రెక్కలు బార్లా తీసింది. "చలి! వాడికి చలి!" అని అత్తగారు లేవబోతే, "ఇంకో దుప్పటి కప్పండత్తయ్యా, బీరువాలో ఉంది. మీరే తెచ్చుకోండి" అంది. బల్ల మీద రెండు మాస్కులు పెట్టింది, ఆయనకొకటి, ఆవిడకొకటి.

"వెనక గదిలోకి మిమ్మల్ని పంపను. నేనున్నాను కాబట్టి తెలుసు, పగవాళ్ళకి కూడా వద్దు. హాల్లోనే ఉండండి. కిటికీలు ఎవరైనా మూసినా, ఈ మాస్కు తీసినా, నేనూ పాపా మా అక్క ఇంటికి వెళ్ళిపోతాం. అప్పుడు ఆవిరి ఎవరు పెడతారో, వంట ఎవరు చేస్తారో మీరూ మీరూ చూసుకోండి."

"తిరగబడటం నేర్చుకున్నావు" అన్నాడు మొగుడు. కానీ చెయ్యి బల్ల వైపు వెళ్ళింది. మాస్కు తీసుకుని మూతికి తగిలించుకున్నాడు.

"ముక్కు కూడా" అంది ఆమె.

పడగ్గదిలో పాప కిటికీ చువ్వలు పట్టుకుని వీధిలోకి చూస్తోంది. "నాన్నకి కోపం వచ్చిందా అమ్మా?" అని అడిగింది. "వచ్చింది. ఏం ఫరవాలేదు. ఇంకెప్పుడూ ఎవరి దగ్గరా ఊపిరి బిగబట్టకు" అని పక్కన కూర్చుంది. సంచీలోంచి మీటరు తీసి కిటికీ గట్టు మీద పెడితే, పాప అంకెలు చదవడం మొదలుపెట్టింది. తొమ్మిది వందలు, ఎనిమిది వందల అరవై, ఎనిమిది వందల పది.

ఫోను మోగింది. పెద్దసారు. మోగి మోగి ఆగేదాకా చూస్తూ ఊరుకుంది. తర్వాత సంచీలోంచి ఫారం తీసి, ఒళ్ళో పెట్టుకుని, మడతలు చేత్తో సాపు చేసింది. వరండాలో నిలబడిన టీచరమ్మ బొంగురు గొంతు, మూడుసార్లు రాసిచ్చిన కాగితాలు, రెండు కిటికీల మధ్య వేసుకున్న హెడ్‌మాస్టరు కుర్చీ గుర్తొచ్చాయి.

పెన్ను మూత తీసి ఆఖరి గడిలో, ఆరేళ్ళలో మొదటిసారి, 'తెలుసు' అన్నచోట టిక్కు పెట్టింది.