చెంపదెబ్బ సీను

పొట్టిది తీసిన మొదటి సినిమాకి మొదటి ఆట. వయసు ముప్పై దాటి డైరెక్టరైనా పేటలో ఆమెకి ఆ పేరే ఖాయం. తను పెరిగిన ఇరుకు సందు కథే తీసింది కాబట్టి పేటంతా హాల్లో దిగిపోయింది. కుళాయి దగ్గర బిందెకి బదులు రాయి పెట్టి వంతు ఆపుకునే జనం కదా, సీటుకో చెప్పు చొప్పున ముందు రెండు వరుసలూ ఆక్రమించేశారు. గేటు మనిషి లబోదిబోమన్నా వినే నాథుడు లేడు.

తెర మీద సందు కనబడగానే ఒకటే ఈలలు. "అదుగో మా తలుపు!" "నా బక్కెట్టేరా అది, చిల్లుతో సహా!"

పొట్టిదానికి నవ్వు ఆగడం లేదు. పక్కన కూర్చున్న పిన్ని వైపు మాత్రం ఓరకంట చూస్తూనే ఉంది. తల్లి పోయాక ఇస్త్రీ బండి తోసి తనను పెంచిన మనిషి. ఆవిడ చేతిలో తిన్న చెంపదెబ్బే సినిమాకి ఆయువుపట్టు. ఆ సంగతి చెప్పడానికి రెండేళ్లుగా ధైర్యం చాల్లేదు. చూశాక ఇక తనతో మాట్లాడదేమోనని భయం.

ఆ సీను రానే వచ్చింది. తెర మీది పిల్ల సినిమాహాలు గోడెక్కి, ఫ్యాను కన్నంలోంచి లోపలికి తొంగి చూస్తోంది.

"దిగవే, పడి చస్తావ్!" అని అరిచింది సీట్లోని పిన్ని.

తెర మీది పిన్ని వచ్చి, పిల్లను కిందికి లాగి, ఫెడీమని ఒక్కటిచ్చింది.

"రాక్షసి!" అన్నారెవరో వెనకనుంచి.

పిన్ని దిగ్గున లేచింది. "ఎవర్రా ఆ కూసింది? ఆ రాక్షసిని నేనే! అది పడి కాళ్లు విరగ్గొట్టుకుంటే మీ బాబులొచ్చి మోస్తారా?"

హాలు గొల్లుమంది. చప్పట్లు, ఈలలు. పొట్టిది సీట్లో కూరుకుపోయి, కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. హమ్మయ్య, గండం గడిచిందనుకుంది.

ఆట అయ్యాక మెట్ల దగ్గర పిన్ని ఆమెను చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"ఆ పిల్లకి దెబ్బ తగల్లేదు కదే?"

"లేదు పిన్నీ, ఉత్త నటనే. చప్పుడు తర్వాత కలిపాం."

"మరి నీకు, అప్పుడు?"

విలేకరులు అడిగితే చెప్పడానికి పొట్టిది పాతిక జవాబులు బట్టీపట్టి ఉంచుకుంది. అవన్నీ పక్కన పెట్టేసింది.

"తగిలింది పిన్నీ," అంది.

పిన్ని కాలిన మచ్చల వేళ్లతో ఆ చెంప మెల్లగా తడిమింది. తర్వాత గట్టిగా ముక్కు చీదుకుని, "పద, రెండో ఆటకీ టికెట్లు తియ్యి. ఈసారి ఆ కొట్టేదాన్ని నేనే తిడతా," అంది.