ఆరో రోజు బరువు

సీటు వచ్చిందన్న మెసేజి అందేసరికి నా రెండు చేతులూ రొయ్యల పొట్టులో ఉన్నాయి. ఫోను వంటింటి కిటికీ గూట్లో మోగింది. చేతులు కడుక్కునే ఓపిక లేక ముక్కుతో తెరిచాను. నిజంగానే, ముక్కుతో. అద్దం మీద పడ్డ తడి మచ్చ చుట్టూ తల తిప్పుకుంటూ చదివాను: ఎం.టెక్., జియోటెక్నికల్ ఇంజనీరింగ్, విజయవాడ దగ్గరి కాలేజీ, సోమవారం సాయంత్రంలోగా ఒరిజినల్ సర్టిఫికెట్లతో వచ్చి చేరాలి. ఆ రోజు గురువారం. నేను అక్కడే, పీట మీద కూర్చునే, ఒక్క గెంతు గెంతాను.

అత్తయ్యగారు ప్రభావతి గారు తలుపు దగ్గరికి వచ్చి ఏమైందమ్మా అన్నారు. చెప్పాను. "మంచిదేగా, దేవుడికి స్తోత్రం. ఆ రొయ్యలు నల్లబడక ముందే కడిగెయ్యి" అన్నారు. ఆ మాట కూడా నాకు దీవెనలాగే వినిపించింది. ఈ నాలుగు నెలల్లో నాకు అన్నీ అలాగే వినిపించేవి. కొత్త పెళ్లికూతుర్ని కదా. బీరువాలో నాకంటూ ఒక అర ఇచ్చారని ఒక రోజంతా సంతోషపడ్డాను. మంగినపూడి బీచికి బైకు మీద వెళ్లి, ఒకే మొక్కజొన్న కంకి ఇద్దరం కొరుక్కుతిన్నామని వారమంతా సంతోషపడ్డాను. బందరు ఎండలో ఆరేసిన ఆయన చొక్కాలు మడత పెడుతూ వాసన చూసుకునేదాన్ని. ఇవన్నీ రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. కానీ అబద్ధాలు కావు.

చేతులు కడుక్కుని పెరట్లోని షెడ్డుకి పరిగెత్తాను. ఆ షెడ్డే మావారి ల్యాబు. శామ్యూల్ రాజ్ గారు బి.కాం. చదివి, ఈ మట్టి పరీక్షల వ్యాపారం పెట్టారు. ఎవరైనా బిల్డింగుకి పునాది వేసేముందు ఈయన మనుషులు వెళ్లి బోరు వేసి, లోపలి మట్టిని గొట్టాల్లో తెస్తారు. దాన్ని పరీక్షించి, ఎంత బరువు మోస్తుందో, ఎంత కుంగుతుందో రిపోర్టు ఇవ్వాలి. నేను గుడ్లవల్లేరులో సివిల్ చదివాను. మట్టి సబ్జెక్టంటే నాకు ప్రాణం. పెళ్లిచూపుల్లో ఈయన, పాటలొచ్చా, వంటొచ్చా అని అడగలేదు. "కన్సాలిడేషన్ టెస్టు సొంతంగా చెయ్యగలవా?" అని అడిగారు. గుడివాడలో మా ఇంటి ముందు గదిలో, కాఫీ కప్పు పట్టుకుని, అంత మర్యాదగా. ఇలాంటి ప్రశ్న అడిగే మగాడు లోకంలో ఇంకొకడు ఉండడనుకుని ఆ క్షణమే ప్రేమించేశాను. అది ఉద్యోగానికి ఇంటర్వ్యూ అని, జీతం సంగతి ఎత్తకుండానే నేను చేరిపోయానని అర్థం కావడానికి నాలుగు నెలలు పట్టింది.

సీటు సంగతి చెప్పగానే ఆయన నన్ను నడుము పట్టి పైకెత్తారు. ఆ తర్వాత కిందికి దించి, కాసేపు ఆలోచించి, దివిసీమ రిపోర్టు సంగతి గుర్తుచేశారు. నాగాయలంక దగ్గర ఒక చిన్న ఊళ్లో సంఘంవాళ్లు ప్రార్థన హాలు కడుతున్నారు. అక్కడి పాస్టరు జేమ్స్ గారు సోమవారం కల్లా రిపోర్టు కావాలన్నారు. ఆ మట్టి పరీక్ష అప్పటికి నాలుగో రోజులో ఉంది. "అది పూర్తి చేసి సంతకం పెట్టు. సోమవారం నేనే బైకు మీద విజయవాడ తీసుకెళ్తా" అన్నారు. బైకు మీద విజయవాడ! నేను మళ్లీ గెంతాను.

సాయంత్రం మా అమ్మకి ఫోను చేస్తే, "ముందు ఆయన్ని అడిగావా?" అంది. మావయ్యగారు రాజబాబు గారు, రిటైరైన హెడ్మాస్టరు, ఇక్కడి మా సంఘంలో పెద్ద. ఆయన "రోజూ వెళ్లి రావాలా, హాస్టలా?" అని అడిగారు. అడిగింది నన్ను కాదు, మావారిని. నేను పక్కనే నిలబడి మజ్జిగ పోస్తున్నాను.

ఈ కన్సాలిడేషన్ పరీక్ష గురించి కొంచెం చెప్పాలి. ఆరు మీటర్ల లోతు నుంచి తెచ్చిన నల్లమట్టిని, బొటనవేలి మందాన, ఒక ఇత్తడి రింగులో నీళ్ల మధ్య కూర్చోబెడతాం. పైన ఒక మీట, దాని చివర కొక్కెం, కొక్కేనికి బరువులు. రోజుకొక బరువు పెంచుతాం. మొదటి రోజు కొంచెం, రెండో రోజు దానికి రెట్టింపు, అలా. బరువు వెయ్యగానే మట్టి కుంగదు. మొదట ఆ బరువంతా మట్టి రేణువుల మధ్య ఉన్న నీళ్లు మోస్తాయి. నీళ్లు మెల్లగా బయటికి పోయేకొద్దీ బరువు మట్టి మీద పడుతుంది, అప్పుడు కుంగుతుంది. ఎంత కుంగిందో డయలు మీద చదివి రాసుకోవాలి: ఒక నిమిషానికి, నాలుగుకి, తొమ్మిదికి, పదహారుకి, ఇరవై ఐదుకి, చివరికి ఇరవై నాలుగు గంటలకి. కాలేజీలో రత్నకుమారి మేడమ్ ఈ పాఠం చెప్పినప్పుడు నేను బల్ల మీదికి వంగిపోయి విన్నాను. ఇక్కడ నాలుగో నిమిషం చదివి వచ్చి పోపు వేసేదాన్ని. తొమ్మిదికి పరిగెత్తి, వచ్చి అన్నం వార్చేదాన్ని. పదహారుకి ఒకసారి అత్తయ్యగారు బీపీ మాత్ర అడిగారు, పదిహేడుకి చదివాను, ఆ సంగతి నిజాయితీగా పక్కన రాశాను. గ్యాసు బండ పక్కన అడ్వాన్స్‌డ్ సాయిల్ మెకానిక్స్ జిరాక్సు పుస్తకం తెరిచి పెట్టుకుని, కూర కలుపుతూ మొదటి చాప్టరు చదువుకున్నాను. పసుపు మరకలు పడ్డాయి. ఇంత సుఖం ఎవరికుందా అనుకున్నాను.

ఇంటికి ఎవరైనా వస్తే అత్తయ్యగారు చెప్పేవారు: "మా కోడలు ఖాళీగా కూర్చోలేదండి. షెడ్డులో వాడికి కాస్త చేతిసాయం చేస్తుంది." వాడికి. చేతిసాయం. ఆ షెడ్డులో మావారికి డయలు చదవడం రాదు.

శనివారం ఉదయం ఎనిమిదింటికి ఆరో బరువు, చివరిది, వేశాను. ఆదివారం ఎనిమిదింటికి ఒక్కసారి చూసి రాసుకుంటే పరీక్ష పూర్తయినట్టే. ఆ మాటే మావయ్యగారితో అన్నాను, ఆరాధనకి వెళ్లేముందు అర నిమిషం పనే అని. ఆదివారం పని పెట్టుకోవడమేంటమ్మా అన్నారాయన. పని కాదండి, చూడటమే అన్నాను. ఊ అన్నారు. ఒప్పుకున్నారనుకున్నాను.

మా ఇంట్లో శనివారం సాయంత్రం ఆదివారానికి తయారవుతాం. మావయ్యగారు ఇల్లంతా తిరిగి, కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, లెక్కల పుస్తకాలు లోపల పెట్టి, అన్నీ సర్దేస్తారు. ఆదివారం ఏ పనీ నడవకూడదు. నేనప్పుడు వంటింట్లో మర్నాటికి వెల్లుల్లి ఒలుస్తున్నాను. ఆరాధన తర్వాత పన్నెండు మంది భోజనానికి వస్తారు.

ఆదివారం ఎనిమిదింటికి నోటుబుక్కు పట్టుకుని షెడ్డులోకి వెళ్లాను. కొక్కెం ఖాళీగా వేలాడుతోంది. బరువులు పెద్దవాటి నుంచి చిన్నవాటి వరకు వరసగా బల్ల మీద పేర్చి ఉన్నాయి. ఇత్తడి రింగు తళతళా తోమి, పొడిగుడ్డ మీద బోర్లించి ఉంది.

మావయ్యగారు నా వెనకే వచ్చారు. ఆయన ముఖంలో ఎంత ప్రేమో.

"శుభ్రం చేసి పెట్టానమ్మా. వారమంతా నడిచిందిగా, ఇవాళ దానికీ విశ్రాంతి ఉండాలి."

"మట్టి ఏదండీ?"

"ఆ బురదా? కరివేపాకు మొదట్లో పోశాను."

లోపలికి వచ్చి కొబ్బరికాయలు కొట్టి తురమడం మొదలుపెట్టాను. ఐదు కాయలు. కొబ్బరన్నం, కోడికూర, వంకాయ, పెరుగుపచ్చడి. ఆరాధనకి వెళ్లి, పాడి, వచ్చి, పన్నెండు మందికి వడ్డించి, పన్నెండు మంది పళ్లేలు కడిగాను. ఆదివారం పని చెయ్యకూడదన్న ఇంట్లో ఆ రోజు నేను కూర్చున్నది చర్చిలో మాత్రమే. దీన్ని పని అని ఎవరూ అనుకోరు గనక, దీన్ని ఎవరూ శనివారం సాయంత్రం సర్దెయ్యరు. అర నిమిషం డయలు చూడటం మాత్రం పని.

మూడింటికి మావారు దివిసీమ రిపోర్టంటూ రెండు కాగితాలు ప్రింటు తీసి తెచ్చారు. ఆఖరి పేజీలో నా సంతకానికి చోటు. అంకెలు చూడగానే గుర్తుపట్టాను, పెళ్లయిన కొత్తలో నేనే చేసిన పరీక్ష.

"ఇది కృత్తివెన్ను చెరువుగట్టుది కదండీ."

"సముద్రం పక్క నల్లమట్టి ఎక్కడైనా ఒకటేలే. ఊరి పేరు మార్చాను. సంతకం పెట్టు."

"ఒకటి కాదండి. ఐదు రోజుల లెక్కలు నా దగ్గరున్నాయి. ఈ హాలు జానెడు కుంగుతుంది, అదీ ఒక పక్క ఎక్కువ. ఇందులో రెండంగుళాలు కూడా లేదు. గోడలు బీటలిస్తాయి. బోర్లు వేసే మన పెద్దిరాజుని పంపి మళ్లీ బోరు వేయిద్దాం. రెండు వారాలు ఆగమందాం."

"ఎందుకు ఆగాలో ఏం చెప్పమంటావు? సంఘపెద్ద మట్టి తీసుకెళ్లి కరివేపాకు చెట్టుకి పోశాడని చెప్పనా? మా నాన్న పరువేం కావాలి?"

నేను కాగితాలు తీసుకోలేదు. ఆయన నా గడ్డం పట్టుకుని, మంగినపూడిలో కంకి అందించినప్పటి నవ్వే నవ్వుతూ అన్నారు: "రేపు నిన్ను కాలేజీకి తీసుకెళ్లాలా, వద్దా?"

ఆ నవ్వు నాకు ఇప్పటికీ ఇష్టమే. దానివల్లే ఆ మాట అంత లోతుగా దిగింది. అరిచి చెప్పినా, చెయ్యెత్తినా నాకు తెలిసేది. ముద్దుగా అడిగారు. నా చదువు ఆయన జేబులో ఉన్న చాక్లెట్టు అన్నట్టు, మంచిగా ఉంటే ఇస్తానన్నట్టు. గిన్నెలు తోమాక చూస్తాలెండి అన్నాను. ఆయన వెళ్లి పడుకున్నారు.

గిన్నెలు తోమాను. తర్వాత నా సర్టిఫికెట్ల కోసం షెడ్డులోకి వెళ్లాను. పెళ్లయిన రెండో వారంలో ల్యాబు రిజిస్ట్రేషనుకి కావాలని ఆయన తీసుకున్నారు. ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్న మనిషి లేకపోతే ల్యాబుకి గుర్తింపు రాదట. అప్పుడే నా పేరుతో రబ్బరుస్టాంపు చేయించి, గిఫ్టు కాగితంలో చుట్టి ఇచ్చారు. ఇంటిపేరు మారాక మొదటిసారి నా పేరు అచ్చులో చూసుకుని, ఆ స్టాంపుని నా అరచేతి మీద కొట్టుకుని అందరికీ చూపించాను.

సర్టిఫికెట్లు ఒక ఫైల్లో ఉన్నాయి. వాటి కింద, నా స్టాంపు ఉన్న పాత రిపోర్టులు. ఒక్కొక్కటే తీసి చూశాను. ఈ నాలుగు నెలల్లో నేను చేసిన పరీక్షలు నాలుగు. నా పేరుతో వెళ్లిన రిపోర్టులు పదకొండు. ఏడింటి మీద నా సంతకం నేను పెట్టేదానికంటే అందంగా ఉంది.

కోపం రావాలి కదా, వెంటనే రాలేదు. మొదట సిగ్గు వచ్చింది, అరచేయి చూపించుకుంటూ తిరిగిన ఆ పిల్లని తలుచుకుంటే. ఎక్కడో ఏడు ఇళ్ల కింద నేను ముట్టుకోని మట్టి ఉంది, నా మాట నమ్మి పైన జనం పడుకుంటున్నారు. ఇందాక, సంతకం పెట్టేసి రేపు బైకెక్కి వెళ్లిపోతే పోలా అని ఒక్క క్షణం అనుకున్నాను. రెండేళ్లు చదువుకోవచ్చు కదా అనుకున్నాను. ఇప్పుడు ఆ హాలు కళ్ల ముందుకొచ్చింది. ఆడవాళ్లు గోడకి ఆనుకుని, చంటిపిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని కూర్చుంటారు. ఇలా మొదలుపెట్టి అక్కడికి వెళ్లి ఏ పాఠం వినగలను?

సర్టిఫికెట్లు తీసి నా సంచిలో పెట్టుకున్నాను. పదకొండు రిపోర్టులకీ ఫోటోలు తీసుకున్నాను. అక్కడి నుంచే జేమ్స్ పాస్టరు గారికి ఫోను చేశాను. మా నాన్నగారి వయసు ఆయనది. మట్టి పాడైంది, మళ్లీ బోరు వెయ్యాలి, రెండు వారాలు ఆగమంటే, "మంచిపని చేశావమ్మా, ఆగుతాం" అన్నారు. అంత సులువుగా అయిపోయింది. ఏ సంగతి బయటపడితే పరువు పోతుందని ఈ ఇంట్లో భయపడ్డారో, దాన్ని బయట ఎవరూ అడగనైనా అడగలేదు.

ఏడింటికి కుటుంబ ప్రార్థన. చాప మీద నలుగురం గుండ్రంగా కూర్చుంటాం. మావయ్యగారు ఒక్కొక్కరినీ, మర్నాటి కోసం ప్రార్థన మనవి ఏమిటని అడుగుతారు. ఒకరు చెప్తుంటే మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. అది ఆయన పెట్టిన నియమమే. అత్తయ్యగారు రోజూ చెప్పేదే చెప్పారు, కోడలి కడుపు పండాలని. మావారు దివిసీమ రిపోర్టు రేపు సకాలంలో అందాలన్నారు. నా వంతు వస్తే రోజూ "ఏమీ లేదండి" అంటాను. మావయ్యగారు ఆ మాట కోసం కూడా ఆగకుండా కళ్లు మూసుకోబోయారు.

"నాకు ఉందండి మావయ్యగారూ" అన్నాను.

ఆయన ఆగారు. మావారు నావైపు చూశారు.

"రేపు పొద్దున్న ఆరింటి నాన్‌స్టాపుకి విజయవాడ వెళ్తున్నాను, కాలేజీలో చేరడానికి. సర్టిఫికెట్లు నా దగ్గరే ఉన్నాయి. బస్టాండుకి ఆటో చెప్పుకున్నాను. దివిసీమ రిపోర్టు మీద నేను సంతకం పెట్టలేదు, మళ్లీ బోరు వెయ్యాలని పాస్టరు గారికి చెప్పాను. కాలేజీ నుంచి వచ్చేటప్పుడు ల్యాబు రిజిస్ట్రేషను ఆఫీసులో ఒక ఉత్తరం ఇచ్చి వస్తాను, నా పేరు తీసెయ్యమని. నా ప్రయాణం కోసం ప్రార్థన చెయ్యండి. ఈయనకి త్వరగా ఒక ఇంజనీరు దొరకాలని కూడా చెయ్యండి. రేపటి నుంచి షెడ్డులో ఇంజనీరు ఉండరు."