ఉప్పు చూడని చెయ్యి

మా పూతలపట్టులో ఏటా జరిగే వంటల పండగలో మూడేళ్లుగా నా పులిహోరకు జడ్జీలు ఒకటే మాట రాస్తున్నారు, ‘ఉప్పు తక్కువ’ అని. ముప్పై ఏళ్లుగా ఇంట్లో ఒక్కనాడూ తక్కువ కాని ఉప్పు ఆ షామియానా కిందికి రాగానే ఎందుకు తగ్గుతుందో తెలియక నాకు ఒళ్లు మండిపోయేది. ఒక్కసారైనా ఆ మైకులో బహుమతికి ‘కల్యాణవల్లి’ అని నా పేరు వినాలని నా ఆశ.

రుచి చూసుకోవచ్చుగా అంటారు. మా ఇంట్లో కుదరదు. మా మామగారు గుళ్లో ప్రసాదాలు వండినవారు. దేవుడికి పెట్టకముందు రుచి చూడకూడదు, పెట్టాక ఉప్పు కలపకూడదు. ఆయన పోయినా మావారు దేవనాథన్ ఆ నియమం వదల్లేదు. స్టాల్లో కూడా దేవుడి పటం పెట్టారు.

“ఏమండీ, ఈ ఒక్కరోజు చింతపండు గొజ్జు రవ్వంత నాలిక మీద ఏసుకుంటా.”

“ఎంగిలి చేసినాక దేవునికి ఎట్ల పెడతావే? మా నాయన ఏనాడన్నా ఉప్పు సూసినాడా? చెయ్యే చెప్పల్ల!”

ఆయన ఆరబెట్టిన అన్నం బేసిన్ పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. నేను విసుక్కుంటూ వెళ్లి పేరు రాయించుకుని వచ్చాను. అప్పుడాయన టీకి లేచారు.

ఇదే సందని గరిటెడు గొజ్జు పక్క స్టాలు దిల్షాద్ బీ దగ్గరకు తీసుకెళ్లాను. రంజాన్ నెలలో పండగ పెట్టొద్దని ఆమె ఎంత మొత్తుకున్నా కమిటీ వినలేదు. సేమియా పాయసం కలుపుతోంది.

“రోజా ఉండానక్కా. అయినా వండేవాళ్లు నాలిక కొనకు తాకిచ్చి ఉమ్మేయొచ్చు, గొంతు దిగకూడదు, అంతే,” అంది. అందరి ముందే రుచి చూసి, ఉమ్మేసి, నోరు కడుక్కుంది. “ఉప్పు సగం కూడా లేదక్కా!”

పాపమేదో నాకే తగలనీ అని గొజ్జులో రెండు చెంచాల ఉప్పు వేశాను. మావారు రాగానే అన్నంలో కలిపి నైవేద్యం పెట్టాం.

జడ్జి ఎస్తేరు టీచరు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని నీళ్లడిగింది. “ఏందమ్మా ఇది, ఉప్పు కషాయమా?” అని పేపరు మీద ఏదో గీకి వెళ్లిపోయింది.

మావారి మొహం మాడిపోయింది. “గొజ్జులో ఉప్పేసినావా?”

“ఏసినా. మీరు?”

“నువ్వు పేరు రాయిచ్చను పోయినప్పుడు... గొజ్జు సప్పగా ఉన్నింది. నువ్వొస్తా ఉంటివని గబగబా ఉప్పు అన్నంలో కలిపేసినా.”

“సప్పగా ఉండాదని ఎట్ల తెలిసె?”

ఆయన తల దించుకున్నారు.

“ఇంట్లో కూడానా?”

“రోజూ... నువ్వు తులసికి నీళ్లు పోసేటప్పుడు. ఈడ జనం ముందర ఇన్నేండ్లూ ధైర్యం చాలలేదు.”

ముప్పై ఏళ్లుగా నా చేతి కొలత అని నేను మురిసిపోయింది ఆయన నాలికను చూసి! ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. బేసిన్‌లోంచి పిడికెడు పులిహోర తీసుకుని, ఆయన చూస్తుండగానే నమిలి మింగాను. గొంతు మండింది.

“రేపట్నించి ఉప్పు నేనే సూస్తా,” అన్నాను. “తులసికి నీళ్లు మీరు పోయండి.”