కల్హార పేరు చెక్కిన డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాను. అరచేతిలో ఇమిడిపోతాను. మూత మాత్రం మహా బిగుతు, గోళ్ళున్నవాళ్ళు కూడా కాస్త తంటాలు పడాలి. దగ్గరికొచ్చి వాసన చూడకండి, ముందే చెబుతున్నాను. ఎంత తోమినా, ఎండలో ఎంతసేపు బోర్లించినా నాలోంచి ఆవపిండి, నువ్వులనూనె వాసన పోదు. అందుకు సిగ్గుపడాలని చాలాకాలం నాకు తెలియనే తెలియదు. హైదరాబాదు వచ్చాకే ఆ విద్య అబ్బింది.

ఎక్కడో ఫ్యాక్టరీలో రేకుగా ఉండి, అచ్చులో పడి, మెరుగు పెట్టించుకుని, విజయవాడ వన్‌టౌన్‌లో ఒక స్టీలు సామాన్ల కొట్టుకు చేరాను. అక్కడికి వనజాక్షి వచ్చింది. కూతురి ఓణీల వేడుకకు వచ్చిన పేరంటాళ్ళకు పంచడానికి మమ్మల్నందరినీ ఒక్కసారే కొనేసింది. కొట్టు ముందు పేర్లు చెక్కే ఆయన మమ్మల్ని ఒక్కొక్కళ్ళనే ఒళ్ళో పెట్టుకుని, మిషను సూది పొట్ట మీద ఆనించి, గుర్రుమనిపిస్తూ చుక్కలు చుక్కలుగా రాశాడు: చి. కల్హార ఓణీల వేడుక. అలాంటి పేరు ఆయన అంతకుముందు ఎన్నడూ చెక్కలేదట. తప్పు పోతుందేమోనని మాటిమాటికీ చీటీ చూసుకున్నాడు. వనజాక్షి మాత్రం పక్కనే నిలబడి, "మా అమ్మాయి పేరండీ, ఊరంతా వెతికినా ఇంకొకళ్ళకుండదు" అని మురిసిపోయింది.

మావాళ్ళంతా పసుపూ కుంకుమతో పాటు తలో ఇంటికీ వెళ్ళిపోయారు. నేనొక్కదాన్నే మిగిలిపోయాను. మిగిలిపోయినందుకు చిన్నతనంగానే ఉండేది కానీ, వనజాక్షి నాకో పని కల్పించింది. ఊరగాయ స్టీలులో నిలవ ఉండకూడదని ఆవిడ నమ్మకం. అందుకని ఊరగాయంతా ఇంట్లో జాడీలోనే ఉండేది. ఊరు కదిలినప్పుడల్లా జాడీలోంచి రెండు ముక్కలూ ఇంత గుజ్జూ నాలోకి తీసుకుని సంచీలో వేసుకునేది. రైళ్ళలో, పెళ్ళిళ్ళలో, ఆస్పత్రి వరండాల్లో నా మూత తియ్యగానే పక్కవాళ్ళు కూడా చెయ్యి చాచేవారు. అప్పట్లో నా దర్జా చూడాలి.

భర్త పోయాక వనజాక్షి కొండాపూర్‌లో కూతురి ఫ్లాటుకు వచ్చేసింది. కల్హార సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. వారమంతా తల్లికి మాట్లాడే మనిషి ఉండదు. గోడలకున్న చెవులు కూడా ఆ ఫ్లాటులో మూసుకుపోయి ఉంటాయి. ఆదివారం కల్హార తయారవుతుంటే తల్లి గుమ్మం దగ్గర నిలబడి, అదేదో మామూలుగా అడిగినట్టు అడిగేది.

"నన్ను కూడా తీసుకెళ్తావా?"

ఆ ఒక్క మాట కోసం ఆవిడ వారమంతా ఎదురుచూసేదని నాకు తెలుసు. ఎందుకంటే శనివారమే నన్ను తోమి ఆరబెట్టేది.

మొదట యోగాకు వెళ్ళాం. చెరువు పక్క పార్కులో చాపలు పరుచుకుని, పక్షులు కూడా లేవకముందే మనుషులు చేతులూ కాళ్ళూ ముడులు వేసుకుంటున్నారు. కల్హార ఆఫీసు స్నేహితురాలు నైనిక కూడా అక్కడికే వస్తుంది. చివర్లో అందరినీ శవాల్లా పడుకోమని, గురువుగారు మెత్తని గొంతుతో, "గాలి లోపలికి తీసుకోండి... ఇంకా లోతుగా... ఏం తెలుస్తోంది?" అన్నారు.

"ఆవకాయ" అంది ఎవరో, కళ్ళు తెరవకుండానే.

శవాలన్నీ ఒక్కసారిగా నవ్వాయి. అప్పటికెక్కిన ఎండకు నా నూనె మూత అంచుదాకా వచ్చినట్టుంది. ఏం చెయ్యను, ఊపిరి బిగబట్టడం నాకు రాదు. గురువుగారు కూడా నవ్వి, కారం మనసును చెదరగొడుతుందని నాలుగు ముక్కలు చెప్పారు. కల్హార మొహం కందగడ్డలా అయింది. ఇంటికి రాగానే తల్లి మీద విరుచుకుపడింది.

"ఎందుకమ్మా అది వెంట తేవడం? నా పరువు తియ్యడానికా?"

"యోగా అయ్యాక టిఫిను తింటారు కదా అనీ... ఆ బండి వాడి ఉప్మా చప్పగా ఏడుస్తుందన్నావుగా మొన్న."

"ఎప్పుడో అన్నాను. ఇంక తేవొద్దు."

వనజాక్షి సరేనంది. తరవాతి వారం ఏదో హాస్యప్రదర్శనకు వెళ్ళారు. మైకు పట్టుకున్న కుర్రాడు, విమానంలో కూడా పచ్చడి మూతలు తీసే అమ్మల మీద జోకులేస్తే హాలంతా పడి పడి నవ్వింది. కల్హార అందరికంటే గట్టిగా నవ్వింది. వనజాక్షి కూడా నవ్వుతూనే, సంచీని ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది. అవును, నేను అందులోనే ఉన్నాను. అలవాటు చొప్పున వేసేసుకుని, హాలులో కూర్చున్నాక నాలుక కరుచుకుంది. ఆవిడ అరచేతుల చెమట గుడ్డ సంచీలోంచి నాకు తగిలింది.

ఆ తరవాత కొన్ని ఆదివారాలు ఆవిడ అడగలేదు, కల్హార పిలవలేదు. కల్హారకు ఆఫీసులో పెద్ద పదవి వచ్చినప్పుడు మాత్రం, స్నేహితులందరికీ థాయి హోటల్లో మధ్యాహ్నం భోజనం పెడుతూ, నైనిక గుర్తుచేస్తే తల్లిని కూడా రమ్మంది. "అమ్మా, అది మాత్రం వద్దు" అని గుమ్మంలో మళ్ళీ చెప్పింది. వనజాక్షి తలూపింది. తలూపుతూనే నన్ను చీర కుచ్చిళ్ళ చాటున సంచీలోకి జార్చింది. ఈ మనుషుల తలకూ చేతికీ ఎప్పుడూ పొత్తు కుదరదు.

హోటలు చల్లగా, చీకటిగా, నిమ్మగడ్డి వాసనతో ఉంది. కొబ్బరిపాలలో ఉడికిన పచ్చరంగు కూర వచ్చింది, బొప్పాయి కాయ తురుము వచ్చింది, తెల్లగా పువ్వుల్లాంటి అన్నం వచ్చింది. ఏ రకం చెప్పినా కల్హార, "కారం అస్సలు వద్దు, నేను తినను" అంటూ వచ్చింది. స్నేహితుల్లో ఎవరూ తినరు మరి. వనజాక్షి రుచి చూసి, "కూరలో బెల్లం వేశారేంటే?" అని కూతురి చెవిలో అడిగింది. కల్హార చెంచాతో అన్నాన్ని అటూ ఇటూ జరుపుతోంది.

తిండి సహించకపోతే కూతురు అన్నాన్ని ఎలా జరుపుతుందో ఏ తల్లికి తెలియదు? నన్ను సంచీలోంచి తీసి, బల్ల కిందనుంచే కూతురి చేతిలో పెట్టింది.

కల్హార కళ్ళెర్రజేసింది. కానీ నన్ను వెనక్కివ్వలేదు. అందరూ ఫొటో కోసం అటు తిరిగినప్పుడు, ఒళ్ళోనే మూత ఊడదీసి, వేలు లోపలికంటా ముంచి, అన్నంలో రాసి గబగబా తినేసింది. మళ్ళీ ముంచింది. చిన్నపిల్లలా కళ్ళు మూసుకుంది. అబద్ధమెందుకు, నాకు గర్వంగా అనిపించింది. చివరికి ముక్క ఒకటీ కాస్త గుజ్జూ మిగిలాయి. ఇంతలో నైనిక ఇటు తిరగడంతో, కల్హార నా మూత నొక్కి కాళ్ళ దగ్గర నేల మీద పెట్టేసింది. లేచినప్పుడు మర్చిపోయింది.

అందరూ బయట కార్ల కోసం నిలబడి ఉండగా, హోటల్లో వడ్డన చూసుకునే యాదగిరి నన్ను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నడివయసు మనిషి, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది.

"మేడం, గీ డబ్బ మీదేనా? మీ కుర్చీ కింద దొరికింది."

నా మూత అంచు నుంచి ఎర్రటి నూనె కారుతోంది. అందరూ నన్నే చూస్తున్నారు. కల్హార కూడా చూసింది.

"మాది కాదు" అంది.

యాదగిరి ఊరుకోలేదు. పాపం, మంచివాడు. కళ్ళజోడు పెట్టుకుని నన్ను వెలుతురులోకి తిప్పి, పెద్దగా చదివాడు. "చిరంజీవి... కల్హార... ఓణీల వేడుక."

"కల్హారా! నీ పేరే!" అంది నైనిక.

"ఆ పేరు... చాలామందికి ఉంటుంది" అని నీళ్ళు నమిలింది కల్హార. చెయ్యి వెనక్కి పెట్టుకుంది. ఆ వేలికింకా నా ఎరుపు ఉంది.

నా పొట్ట మీది అక్షరాలు చెరిపేసుకునే వీలుంటే ఆ క్షణంలో చెరిపేసుకునేదాన్ని. అప్పుడు వనజాక్షి ఒక అడుగు ముందుకు వేసింది. నన్ను తీసేసుకుంటుందనుకున్నాను.

"మాది కాదు బాబూ" అంది యాదగిరితో, చిరునవ్వుతో. "మా అమ్మాయి అసలు కారమే తినదు."

కారు వచ్చింది. వెళ్ళిపోయారు.

నాలో మిగిలిన ఆవకాయను వంటింట్లో యాదగిరీ అతని తోటివాళ్ళూ వేడన్నంలో కలుపుకుని, ముద్ద ముద్దకూ ఆహా అనుకుంటూ తిన్నారు. తరవాత నన్ను కడిగి, ఎండుమిరప కారం పోసి, పులుపూ చక్కెరా ఉన్న గిన్నెల పక్కన బల్ల మీద పెట్టారు. థాయి వాళ్ళు కారం అలా అందరి మధ్యా పెట్టుకుని, ఎవరికి కావలసినంత వాళ్ళు చల్లుకుంటారట. కిందనే దాక్కోవలసిన దాన్ననుకున్న నాకు ఆ బల్ల మీద కూర్చుంటే ఎక్కడ చూడాలో తెలిసేది కాదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం కల్హార ఒంటరిగా వచ్చింది. ఏమీ తినలేదు. బల్లలన్నీ వెతికి నా దగ్గర ఆగింది.

"ఇది నాది" అంది.

"ఆ దినం కాదన్నరు గద మేడం?"

కల్హార తల దించుకుంది. "నాదేనండీ. అబద్ధం చెప్పాను."

యాదగిరి కారం వేరే గిన్నెలో పోసి, నన్ను కడిగి, తుడిచి చేతికిచ్చాడు. "ఆవకాయ మస్తుండె మేడం. అమ్మ చేతిదేనా?"

ఆమె తలూపింది. ఆటోలో దారి పొడుగునా నన్ను ఒళ్ళో పెట్టుకుని, "అమ్మా, తప్పయిపోయింది... అమ్మా, ఈ ఆదివారం నువ్వే నన్ను తీసుకెళ్ళు..." అని గొణుగుతూ అప్పజెప్పుకుంటూనే ఉంది. డ్రైవరు అద్దంలోంచి వింతగా చూశాడు కూడా.

తలుపు తీసేసరికి వనజాక్షి వంటింట్లో జాడీ ముందు కూర్చుని ఉంది. చేతిలో కొత్త ప్లాస్టిక్ డబ్బా. చిన్నది, తెల్లది, మెరుపూ గిరుపూ లేనిది. దాంట్లోకి ఆవకాయ ముక్కలు తీస్తోంది. కూతుర్ని చూసి తత్తరపడి, మూత పెట్టేసి, పమిట చెంగుతో ఆ డబ్బాను తుడిచి ఇటూ అటూ తిప్పి చూపించింది.

"కంగారుపడకే. దీని మీద పేరు లేదు. ఎక్కడ మర్చిపోయినా నీకేం ఇబ్బంది ఉండదు."

ఆటోలో అప్పజెప్పుకున్న మాటల్లో ఒక్కటీ కల్హార నోట్లోంచి రాలేదు. గుమ్మంలోనే కూర్చుంది. నేను ఆమె గుప్పిట్లోనే ఉన్నాను. ఆమె బొటనవేలు నా మీది చుక్కల్ని పట్టుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా, మళ్ళీ మొదటినుంచీ తడుముతూనే ఉంది.