చెల్లెలి ఎదుట నీళ్లు

అక్క భోజనానికి కూర్చుందంటే పక్కన నీళ్ల జగ్గు ఉండి తీరాలి. ముద్దకో గుటక పడాలి. నమలడమనే పని దేవుడు పళ్లకి అప్పగించాడన్న సంగతే ఆవిడకి తెలియనట్టుండేది. బావ ఇంకా కూర కలుపుకుంటూ ఉండగానే ఈవిడ జగ్గు ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, వెళ్లి కుట్టుమిషన్ ముందు కూర్చునేది. ఆ కర్టెన్ల దుకాణం ఆవిడ చేతిమీదే నడిచేది. కిటికీల కొలతలు తీయడం, బట్ట కత్తిరించడం, కుచ్చులు పెట్టి కుట్టడం, గీచి గీచి బేరమాడేవాళ్ల నోరు మూయించడం, అన్నీ ఆవిడే. చెల్లెలు ఇస్త్రీ చేసి, రింగులు ఎక్కించి, మడతలు పెట్టేది. లావుగా ఉన్నావని ఎవరైనా అనబోతే, ఇంత దుకాణానికి బోర్డు పెట్టించే ఖర్చు తప్పించానని అక్కే ముందు నవ్వేసేది.

చివరికి ఆ లావే అడ్డం వచ్చింది. చెల్లెలి కిడ్నీలు రెండూ పాడైపోయాయి. వారంలో సగం రోజులు ఆస్పత్రిలో డయాలసిస్ మిషన్ పక్కన పడుకోవలసిన గతి పట్టింది. అక్క వెనకా ముందూ చూడకుండా తన కిడ్నీ ఒకటి ఇస్తానంది. పరీక్షల్లో అన్నీ కుదిరాయి, బరువొక్కటి తప్ప. ఇంత బరువుతో కిడ్నీ తీస్తే ఈవిడకే ముప్పు, తగ్గాకే ఆ మాట ఎత్తండని డాక్టర్ తేల్చి చెప్పాడు. అక్క కడుపు మాడ్చుకుంది, చెమటలు కక్కేలా నడిచింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. ఆఖరికి పొట్టని చిన్నది చేసే ఆపరేషన్‌కి సరేనంది. నా కోసం నువ్వు రెండుసార్లు ఆపరేషన్ చేయించుకోవడమేమిటని చెల్లెలు ఏడ్చి రాద్ధాంతం చేస్తే, ఇన్నేళ్లు కత్తెర పట్టి బతికినదాన్ని, కత్తికి భయపడతానా అని కొట్టిపారేసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత వచ్చిన చిక్కంతా నీళ్లతోనే. పొట్ట ఇప్పుడు చిన్న పిల్లల పిడికిలంత. అందులో తిండీ నీళ్లూ కలిపి పట్టవు. తిన్నదాని మీద నీళ్లు పోస్తే వాంతయినా అవుతుంది, లేదా తిన్నది తిన్నట్టు కిందికి జారిపోయి కడుపు ఊరికే ఖాళీ అవుతుంది. అందుకని తినబోయే ముందు అరగంట, తిన్నాక ఇంకో అరగంట చుక్క ముట్టకూడదన్నారు. మిగతా వేళల్లో మాత్రం గుక్క తర్వాత గుక్క తాగుతూనే ఉండాలి, ఒక్కసారిగా గ్లాసెడు పట్టే చోటు లేదు గనక. తిండేమో కొంచెం కొంచెంగా రోజులో చాలాసార్లు. ఇక నీళ్లకి మిగిలేవి మధ్యమధ్య సందులే.

ఇవన్నీ అక్క వల్ల అయ్యే పనులు కావని బావతో సహా అందరూ అనుకున్నారు. అందరి అంచనాలూ తలకిందులు చేసింది ఆవిడ. చిన్న చెంచాతో తీసుకుని, మెత్తగా అయ్యేదాకా నమిలి, చెంచా కింద పెట్టి, ఆగి, మళ్లీ ఎత్తేది. తిన్నాక నోరు పిడచకట్టుకుపోతుంటే కర్టెన్ ఒళ్లో వేసుకుని అంచుకి చేతికుట్టు వేస్తూ కూర్చునేది. కుట్టు వంకర పోయేది కాదు. కళ్లు మాత్రం గోడ మీద గడియారం వైపు పోతుండేవి. గంటకో గలాటా లేనిదే పొద్దుపోని మనిషి అలా పెదవులు బిగించుకుని కూర్చుంటే, దుకాణానికి వచ్చినవాళ్లు ఒంట్లో బాగాలేదా అని అడిగేవారు.

దాహమంటే ఏమిటో చెల్లెలికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆమె తాగిన నీళ్లు బయటికి పోవు. ఒంట్లోనే చేరి ఊపిరికి అడ్డుపడతాయి. అందుకే రోజంతటికీ ఒక చిన్న సీసా మాత్రం రాసిచ్చారు. ఇస్త్రీపెట్టె సెగలో నిలబడి, మంచుముక్కొకటి బుగ్గన పెట్టుకుని, అది కరిగిపోతుందేమోనని నాలుక కూడా కదపకుండా పనిచేసేది. తాగడానికి వీల్లేక తాగకపోవడం ఒక ఎత్తు. జగ్గులకి జగ్గులు ఖాళీ చేసిన మనిషి తనంతట తాను ఆ అరగంట బిగబట్టుకోవడం ఇంకో ఎత్తు. అదంతా తన కోసమే. మా అక్కలాంటి మనిషి ఇంకొకరు ఉండరని చెల్లెలు ఆ రోజుల్లో ఎన్నిసార్లు అనుకుందో.

బరువు తగ్గింది. డాక్టర్ అడిగినంతా తగ్గింది. ఇక తేదీ ఇవ్వడమే తరువాయి అనుకుంటుండగా, ఎవరింట్లోనో కర్టెన్ రాడ్ బిగిస్తూ అక్క స్టూలు మీద నుంచి తూలింది. కింద రాడ్ అందిస్తున్న బావ పట్టుకోబట్టి సరిపోయింది. ఆ వెంటనే చేసిన పరీక్షల కాగితాలు చూసి డాక్టర్ మొహం గంటు పెట్టుకున్నాడు. ఒంట్లో నీళ్లు బొత్తిగా చాలడం లేదు, ఆ దెబ్బ కిడ్నీల మీద కనిపిస్తోంది, నెల ఆగి మళ్లీ చూస్తాను, అప్పుడూ ఇంతే అయితే ఈవిడ కిడ్నీ ముట్టుకోను అన్నాడు. నీళ్లు తాగుతున్నారా అని అడిగితే అక్క తలూపింది.

ఆ తలూపడం చెల్లెలికి నచ్చలేదు. మర్నాడు ఇస్త్రీ చేస్తూనే ఓ కన్ను అక్క మీద వేసి ఉంచింది. మధ్యాహ్నం తిండయింది. అరగంట గడిచింది. అక్క గడియారం చూసింది, సీసా అందుకుంది, మూత తిప్పింది. అప్పుడు తలెత్తి, ఎదురుగా మంచుముక్క చప్పరిస్తున్న చెల్లెలిని చూసింది. ఏదో దారం రంగు గుర్తొచ్చినట్టు సీసా బల్ల కింద పెట్టేసి లేచి వెళ్లింది. సాయంత్రం దాకా అదే వరస. చెల్లెలు ఏదో పని మీద బయటికి వెళ్తే తప్ప ఆ సీసా పైకి రాదు. తీరా వెళ్లేసరికి ఇంకోసారి తినే వేళ దగ్గరపడుతుంది, అంటే మళ్లీ తాగకూడని అరగంట.

బావని నిలదీస్తే ఆయన నీళ్లు నమిలాడు. చివరికి ఒప్పుకున్నాడు. చెల్లెలి ఎదుట ఇంట్లో ఎవరూ నీళ్లు తాగకూడదని అక్క ఎప్పుడో ఒట్టు వేయించుకుందట. ఆయన వంటింట్లో నిలబడి తాగి, మూతి తుడుచుకుని వస్తున్నాడట. చెల్లెలికి ముందు నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే దుఃఖం ముంచుకొచ్చింది. ఎవరి కోసమైతే అక్క ఇంత పడుతోందో, ఆ మనిషే అక్క నోటికి అడ్డంగా కూర్చుంది.

మర్నాడు తిన్నాక అరగంట కాగానే చెల్లెలు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. కుర్చీ లాక్కుని అక్కకి ఎదురుగా కూర్చుని, బల్ల కింద సీసా తీసి మూత తిప్పి పెట్టింది.

"తాగు."

"తాగుతాలేవే, ఈ అంచు కానీ."

"అంచు ఎక్కడికీ పోదు. ఇప్పుడే తాగు, నా ముందే."

అక్క సూది గుచ్చి పక్కన పెట్టింది. "నీ ముందు నాకు గొంతు దిగదే. నాలుగు చుక్కల కోసం నువ్వు మంచుముక్కలు చప్పరిస్తుంటే నేను సీసా ఎత్తి ఎలా తాగను? నేనేమన్నా రాయినా?"

"నీ లోపల ఒక కిడ్నీ ఉంది చూడు, అది నీది కాదక్కా. ఇస్తానన్న రోజే నాదైపోయింది. నీ దగ్గర ఉంచానంతే. దానికి నీళ్లు పొయ్యకుండా ఎండబెట్టడానికి నువ్వెవరు?"

అక్క సీసా ఎత్తి చిన్న గుక్క తాగింది. కళ్లల్లోంచి నీళ్లు జారుతుంటే, ఉన్న నీళ్లు ఇలా ఒలకబోయకని చెల్లెలు కసిరింది. ఇద్దరూ నవ్వారు. కాసేపాగి ఇంకో గుక్క, ఇంకో గుక్క. గుక్క గుక్కకీ చెల్లెలి గొంతు కూడా కదిలింది. దాహం వేసింది, ప్రాణం లాగేసేంత దాహం వేసింది. అయినా తల తిప్పుకోలేదు. తల తిప్పుకుంటే అక్క సీసా దించేస్తుందని ఆమెకి తెలుసు.

అప్పటి నుంచి రోజూ అంతే. ఏ సందు దొరికినా చెల్లెలు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చునేది, అక్క తాగేది. తను డయాలసిస్ మిషన్ దగ్గర పడుకున్న రోజుల్లో కూడా అక్కని మంచం పక్కనే కూర్చోబెట్టి తాగించింది.

నెల తర్వాత కాగితాలు చూసి డాక్టర్ మొహం విప్పారింది. ఆపరేషన్‌కి తేదీ రాసిచ్చాడు. ఇంత పట్టుదల ఉన్న మనిషిని తాను చూడలేదని అక్కని మెచ్చుకున్నాడు.

"నాదేముంది డాక్టరుగారూ, నేను నీళ్లు తాగానంతే," అంది అక్క. "అంత దాహంతో ఎదురుగా కూర్చుని చూసింది మా చెల్లెలు."