మొహమాటపు సంతకాలు

ఉత్తర డకోటాలో గోధుమ పొలాల నడుమ ఉన్న ఆ లూథరన్ చర్చి నేలమాళిగలో ప్రతి గురువారం ఆడవాళ్ళు చేరి బొంతలు కుడతారు. ఎక్కడో దూరదేశంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్ళ కోసం. ఆ గురువారం నలుగురు వచ్చారు. గాలి గురించి మాట్లాడుకున్నారు. గాలి అయిపోయాక వాన గురించి, వాన అయిపోయాక ఒకావిడ మోకాలి నొప్పి గురించి మాట్లాడుకున్నారు. నలుగురిలో ముగ్గురి చేతిసంచుల్లో పొలంలో చమురు తవ్వుకోనివ్వమంటూ ఒకే కంపెనీ ఇచ్చిన లీజు కాగితం ఉంది. నాలుగో ఆవిడ ఆర్డిస్. వాళ్ళాయన మెల్విన్ రెండేళ్ళ కిందటే అలాంటి కాగితం మీద సంతకం పెట్టాడు. ఈ సంగతి అందరికీ తెలుసు. ఒక్కరంటే ఒక్కరు నోరెత్తితే ఒట్టు!

పాఠకులారా, వీళ్ళు చెడ్డవాళ్ళు కారు. పొరుగువాడు కాలు విరిగి పడుకుంటే పది కోతయంత్రాలు వేసుకొచ్చి, మంచు పడేలోగా వాడి పంట కోసి గాదెలో పోసి వెళ్ళే మనుషులు. కానీ అదే పొరుగువాణ్ణి "నీ నేల ఏ షరతు మీద ఇచ్చావు?" అని అడగమనండి. పరాయివాడి స్నానాలగదిలోకి తొంగిచూడమన్నట్టు ముడుచుకుపోతారు. వాళ్ళ తాతలు నార్వే నుంచి ఓడలో తెచ్చుకున్న పెట్టెల్లో ఇంకేముందో గానీ మొహమాటం మాత్రం కుక్కికుక్కి తెచ్చుకున్నారు.

ఆ నలుగురిలో ఒకరైన బోర్గిల్డ్ కూడా ఆ తానులో ముక్కే. బడిలో ముప్పై ఏళ్ళు వంట చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. రెండేళ్ళ కిందట తండ్రి పోతూ మూడు వందల ఇరవై ఎకరాలు, నేల పైనా నేల కిందా ఉన్న హక్కు అంతా, ఆమెకూ తమ్ముడు ఆర్విడ్‌కూ ఉమ్మడిగా వదిలిపోయాడు. సేద్యం తమ్ముడిది. పొలంలోని పాత ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటోంది. ఇంటికి ఉన్నది ఒకటే బావి. ఆ బావి నీళ్ళే తాగాలి, వండుకోవాలి. కంపెనీ కాగితంలో ఒక వాక్యం ఆమెకు నిద్ర పట్టనివ్వడం లేదు. "కంపెనీ తనకు అనువైన ఏ చోటనైనా తవ్వవచ్చును." ఏ చోటనైనా అంటే? తన కిటికీ కిందనైనానా?

బొంత మడతపెట్టి, తిన్నగా తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. అతను షెడ్డులో కోతయంత్రం కింద దూరి ఏదో బిగిస్తున్నాడు.

"ఈసారి వాన ఆలస్యమయ్యేలా ఉందిరా," అంది బోర్గిల్డ్. మరి అలాగే మొదలుపెట్టాలి కదా!

"అలాగే ఉందక్కా. ఆఁ, అన్నట్టు, ఆ కంపెనీ కాగితం మీద నేను సంతకం పెట్టేశాను."

"ఏంటీ! ఎప్పుడు?"

"ఏప్రిల్లో. కంపెనీ తరఫున ఆ కర్టిస్ అనే కుర్రాడు వచ్చాడు. బండి బానెట్ మీదే పెట్టేశా."

"ఏప్రిల్లో పెట్టి ఇప్పుడా చెప్పేది? ఇది జూన్ రా!"

"నువ్వు అడగలేదుగా."

బోర్గిల్డ్‌కు ఒళ్ళు మండింది. "సరే, పెట్టేముందు మెల్విన్‌నైనా అడిగావా? వాళ్ళ పొలంలో తవ్వింది ఇంటికి మైలు దూరంలో. ఎలా కుదిరిందో కనుక్కోవద్దూ?"

ఆర్విడ్ యంత్రం కింద నుంచి మొహం బయటపెట్టాడు. "ఎలా అడుగుతామక్కా? ఏమనుకుంటాడు? కుళ్ళుకుంటున్నామనుకోడూ? వాళ్ళ అదృష్టం కొద్దీ దూరంగా పడింది. ఈ దారిలో అందరిదీ ఒకటే కాగితమని, బయట చెప్పుకోకపోతే అందరికీ మర్యాదగా ఉంటుందని ఆ కుర్రాడే అన్నాడు."

"మర్యాదట, మర్యాద!"

"పోనీ నువ్వే అడగకపోయావా?"

బోర్గిల్డ్ విసురుగా వెనక్కి తిరిగింది. ఆర్డిస్ పక్కన కూర్చుని రెండేళ్ళుగా బొంతలు కుడుతున్నది తనేగా. ఇంటికి వెళుతూ దారంతా తనను తానే తిట్టుకుంది.

తర్వాతి గురువారం మళ్ళీ కాఫీ, మళ్ళీ గాలి. ఆర్డిస్ గాలి ముగించి వానలోకి దిగబోతుండగా బోర్గిల్డ్ సూది బల్ల మీద పెట్టేసింది.

"ఆర్డిస్, మీ లీజులో ఏం రాయించుకున్నారు?"

కుట్లు ఆగిపోయాయి. ఎవరో దగ్గారు. ఆర్డిస్ మొహం చెవుల దాకా ఎర్రబడింది.

"అయ్యో, అదేముంది... మామూలే..."

"మామూలంటే ఏమిటమ్మా? నాకు తెలియదు. తెలియకే సిగ్గు విడిచి అడుగుతున్నా."

ఆర్డిస్ దారం తెంపింది, మళ్ళీ ఎక్కించింది. చివరికి గొంతు తగ్గించి చెప్పింది. "మా ఆయన తమ్ముడి కొడుకు వకీలు. అతనొక పేజీ చేర్పించాడు. ఇంటికి అరమైలు లోపు తవ్వకూడదని. తవ్వేముందూ తర్వాతా బావి నీళ్ళు పరీక్ష చేయించాలని. చమురుతో పాటు వచ్చే మురికినీటికి పొలంలో గుంటలు తవ్వకూడదని. కంపెనీవాడు కాసేపు గొణిగి, ఒప్పుకున్నాడు."

"ఒప్పుకున్నాడా! అంటే అడిగితే ఇస్తారన్నమాట! మరి మాకెందుకు చెప్పలేదే?"

"మీరెవరూ అడగలేదు కదా. మాకు మాత్రమే దొరికిందని చాటుకుంటే గొప్పలు పోతున్నామనుకోరూ?"

బోర్గిల్డ్ తల పట్టుకుంది. ఈవిడ అడగదు, ఆవిడ చెప్పదు. రెండేళ్ళుగా ఒకే గుడ్డకు రెండువైపుల నుంచి కుడుతున్నారు!

ఆర్డిస్ మర్నాడే ఆ పేజీ నకలు తెచ్చి ఇచ్చింది. బోర్గిల్డ్ కర్టిస్‌కు కబురు పెట్టింది. అతను వచ్చేసరికి ఆమె పెరట్లోనే నిలబడి ఉంది. ఎందుకంటే ఆ ఉదయమే కంపెనీ మనుషులు వచ్చి, వంటింటి కిటికీకి రెండు వందల అడుగుల దూరంలో తవ్వే చోటుకు గుర్తుగా కర్రలు పాతి, నారింజ రంగు రిబ్బన్లు కట్టి వెళ్ళారు.

"ఈ పేజీ చేరిస్తే సంతకం పెడతాను," అంది.

కర్టిస్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. పాపం, మర్యాదస్తుడే. "మేడమ్, ఏప్రిల్లో అడిగి ఉంటే చేర్చేవాళ్ళమే. ఇప్పుడు మీ తమ్ముడుగారి సంతకం మా దగ్గరుంది. అందులో ఏ షరతూ లేదు. ఉమ్మడి నేల కాబట్టి లోపలికి రావడానికి అదొక్కటి చాలు. మీరు పెట్టినా పెట్టకపోయినా మీ వాటా మీకు వస్తుంది."

"మా ఇద్దరికీ వేరువేరుగా ఎందుకొచ్చి చెప్పావు నాయనా? ఒకసారే కూర్చోబెట్టి చెప్పొచ్చుగా?"

"మీరిద్దరూ మాట్లాడుకునే ఉంటారనుకున్నాను మేడమ్," అన్నాడు కర్టిస్.

అతణ్ణి తిట్టడానికి ఆమెకు నోరు రాలేదు. ఏమని తిడుతుంది? వాళ్ళు మాట్లాడుకోరని అతనికి బాగా తెలుసు. అయినా మాట్లాడుకోకుండా ఉన్నది వాళ్ళే కదా.

వెళ్ళి అడిగితే ఆర్డిస్ వాళ్ళ వకీలు కూడా అదే మాట చెప్పాడు. ఇక చేసేదేమీ లేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక మగవాళ్ళూ ఆడవాళ్ళూ నేలమాళిగలోకి కాఫీకి దిగినప్పుడు, బోర్గిల్డ్ కప్పు పట్టుకోకుండా లేచి నిలబడింది. చేతిలో రెండు కాగితాలున్నాయి.

"ఒకటి నా లీజు, రెండోది మెల్విన్ వాళ్ళ పేజీ. రెండూ చదువుతాను, వినండి," అంది. ఎవరో "ఇక్కడెందుకమ్మా ఇవన్నీ" అని గొణిగారు. ఆమె ఆగలేదు. ఆఖరి వాక్యం దాకా చదివింది. మెల్విన్ నేల వైపు చూస్తూ నిలబడ్డాడు.

గది సద్దుమణిగాక గోడవార నుంచి ఆర్విడ్ ముందుకొచ్చాడు. "మా ఇంటి వెనక కర్రలు పాతారు," అన్నాడు. "నా సంతకం వల్లే. మా అక్క అక్కడే ఉండాలి, ఆ నీళ్ళే తాగాలి. నేను మెల్విన్‌ను అడగలేదు. అక్కనూ అడగలేదు."

అప్పుడు వెనక బల్ల దగ్గర మార్లిస్ చేతిసంచి తెరిచింది. ఇద్దరు పసిపిల్లలతో ఆ దారి చివరి ఇంట్లో ఉండే వితంతువు. ఆమె కాగితం మీద సంతకం చోటు ఇంకా ఖాళీగానే ఉంది. దాన్ని విప్పుకుంటూ, మొహం ఎర్రబడుతున్నా సరే, మెల్విన్ ముందుకు వెళ్ళి నిలబడింది.

"బాబాయ్, మీ పేజీ నాకూ కావాలి. ఎక్కడ ఏం రాయించాలో చెప్పండి."

మెల్విన్ జేబులోంచి కళ్ళజోడు తీశాడు. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. మరో రెండు కుటుంబాలు కుర్చీలు జరుపుకుని దగ్గరకు వచ్చాయి.

బోర్గిల్డ్ తమ్ముడి చెయ్యి పట్టుకుని అందరి వైపూ తిరిగింది. "నా ఇంటి సంగతి అయిపోయింది. రేపటి నుంచి ఆ తవ్వకం యంత్రం చప్పుడు మధ్యే నేను అన్నం తినాలి. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పక్కింటివాణ్ణి అడగడం సిగ్గుచేటనుకునే ఊళ్ళో నేల ఎప్పుడూ చవగ్గానే పోతుంది."